కోడు యంత్రం రాస్తే ఇంజనీరు పనేమిటి?

ఇంటర్ ఫలితాలు రాగానే మా ఏలూరు తల్లిదండ్రులు ఉపాధ్యాయులను అడిగే ప్రశ్న ఈమధ్య మారింది. పూర్వం "కంప్యూటర్ సైన్స్‌లో సీటు వస్తుందా?" అనేవారు. ఇప్పుడు "ఏఐ వచ్చాక ఆ కోర్సు చదివించవచ్చా, మాస్టారూ?" అంటున్నారు. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్‌ఐటీ మొదలైనప్పుడు ఈ సందేహం మాకు వినిపించలేదు.

2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాయి. మామూలు మాటల్లో అడిగితే ఇవి ప్రోగ్రాం రాసిపెడతాయి. తమ సంస్థలోని కొన్ని ప్రాజెక్టుల కోడులో 20 నుంచి 30 శాతం సాఫ్ట్‌వేరే రాస్తున్నదని మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో చెప్పారు. మరి మనిషికి మిగిలేదేమిటి? మనకు తెలిసిన కొల్లేరు చేపల చెరువునే తీసుకుందాం.

పగలు ఎండలో ప్రాణవాయువు తయారుచేసే ప్లవకాలు రాత్రిపూట చేపలతోపాటు తామూ దాన్ని పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున అది బాగా తగ్గి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. "ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఏరియేటర్ ఆన్ చెయ్యి" అని అడిగితే ఏఐ నిమిషంలో ప్రోగ్రాం రాస్తుంది. అయితే మీటరు కొనకు పాచి పట్టి రాత్రంతా 6 అనే చూపిస్తుంటే? ప్రోగ్రాం చెప్పినట్టే నడుస్తుంది, ఏరియేటర్ మాత్రం తిరగదు. తెల్లారేసరికి చేపలు చచ్చి తేలతాయి. అంకె గంటల తరబడి కదలకపోతే అనుమానించాలని, రైతు ఫోనుకు కబురు వెళ్లాలని, కరెంటు పోతే జనరేటరు సంగతేమిటని ముందే ఆలోచించవలసింది ఇంజనీరే. అడిగితే ఏఐ అదీ రాస్తుంది. అడగాలని తోచడానికి మాత్రం చెరువు గట్టున ఒక రాత్రి గడిపి, రైతుతో మాట్లాడి ఉండాలి.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. కొత్తగా చేరినవారికి కంపెనీలు ఇదివరకు చిన్నచిన్న ప్రోగ్రాములు, టెస్టింగు ఇచ్చేవి. అందులో తప్పులు చేసి, పెద్దవాళ్ల చేత దిద్దించుకుని పని నేర్చేవారు. ఏఐకి ముందుగా అప్పగిస్తున్నది ఆ పనినే. రేపు ఏఐ రాసినదాన్ని దిద్దగలవారు ఎక్కడినుంచి వస్తారో కంపెనీలే చెప్పాలి. అంతవరకు ఆ సాధన కాలేజీలోనే జరగాలి.

సీటు వదులుకోమని నేను అనను. ప్రోగ్రాం మొదట సొంతంగా రాయాలి. తర్వాత ఏఐని అడిగి, రెండింటినీ వరుస వరుసా పోల్చి చూడాలి. కావాలనే తప్పుడు అంకెలిచ్చి పరీక్షించాలి. (ప్రాజెక్టు మొత్తం ఏఐతో రాయించి వైవాలో నీళ్లు నమిలే పిల్లల సంగతి అందరికీ తెలిసిందే.) కంప్యూటరు రాని తల్లిదండ్రులు కూడా పిల్లల్ని ఒక్కమాట అడగవచ్చు: "మీటరు పాడైతే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"