ముప్పై సెకన్లలో మనిషి

ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో గీత కాస్త పక్కకి పోతే షీటు మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళమే అందరం. ఆ అలవాటుతోనే నేను అమ్మమ్మ బొమ్మ వేశాను. ఫోటో మీద గళ్ళు గీసుకుని నాలుగు రోజులు కూర్చున్నా. కొలతలన్నీ సరిపోయాయి. అమ్మ చూసి, "బాగుందిరా, కానీ అమ్మమ్మ ఇలా బిగుసుకుపోయి ఎప్పుడు కూర్చుంది?" అంది.

నేను ఆకారం గీశాను, కదలిక గీయలేదు. కదలికని పట్టుకునే సాధనే జెస్చర్ స్కెచ్. న్యూయార్క్ ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పాఠాలు చెప్పిన కీమన్ నికోలైడిస్ దీన్ని విద్యార్థులకి నేర్పేవారు. ఆయన పోయాక, 1941లో వచ్చిన 'ది నేచురల్ వే టు డ్రా' పుస్తకంలో ఆ పాఠాలున్నాయి.

ఇక మొదలుపెడదాం.

1. ఫోన్లో 30 సెకన్ల టైమర్ పెట్టండి. రబ్బరు బ్యాగులోనే ఉండనివ్వండి.

2. మొదటి గీత తల దగ్గర మొదలై, వెన్ను మీదుగా, బరువు మోసే కాలి దాకా ఒకే ఊపులో రావాలి. మణికట్టు కాదు, భుజం నుంచి చెయ్యి కదలాలి.

3. బరువు ఏ కాలి మీదుందో చూడండి. మెకానిక్స్‌లో చదివిందే: కదలకుండా నిలబడిన మనిషి గరిమనాభి నుంచి దించిన నిలువు గీత పాదాలు ఆనిన చోటులోనే పడాలి. ఒక కాలి మీద బరువేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, సాధారణంగా అదే వైపు భుజం కిందికి వాలుతుంది. ఈ రెండు వాలు గీతలు కుదిరితే బొమ్మ నిలబడుతుంది. లేకపోతే కొయ్యబొమ్మే.

4. తలకి కోడిగుడ్డు, ఛాతీకి, తుంటికి చెరో డబ్బా, కాళ్ళూ చేతులకి ఒక్కో గీత. కళ్ళు, ముక్కు, వేళ్ళు వద్దు. టైమర్ మోగితే పేజీ తిప్పేయాలి, అంతే.

రోజుకి 30 సెకన్లవి పది, నిమిషానివి ఏడు, రెండు నిమిషాలవి మూడు. మొత్తం 18 నిమిషాలు. మెస్ క్యూ, బస్టాపు, షటిల్ కోర్టు, ఎక్కడ చూసినా మోడల్సే. మధ్యలో కదిలిపోతే గుర్తున్నంత వరకు పూర్తి చేయండి. ఎవరైనా ఇబ్బంది పడితే ఆపేయండి. మొదటి వంద బొమ్మలు పిచ్చి గీతల్లాగే ఉంటాయి, నావీ అంతే.

తర్వాత సెలవుల్లో అమ్మమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే 30 సెకన్లలో గీశాను. వంగిన వీపు, పైకి లేచిన ఒక మోకాలు. ముఖం లేదు. అమ్మ చూడగానే "అమ్మే!" అంది.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. గళ్ళ బొమ్మ ఎక్కడుందో నాకే తెలీదు. ఆ చిక్కుడుకాయల పేజీ మాత్రం అమ్మ బీరువాలో ఉంది.

ఈ రాత్రి మెస్‌కి వెళ్ళేటప్పుడు ఒక పెన్సిలు పట్టుకెళ్ళండి.