బైండింగుతో ఇవ్వాలా, విప్పి ఇవ్వాలా? పాత స్కీలు నేర్పిన ఆరు పాఠాలు

సాల్ట్ లేక్ సిటీకి వచ్చిన తొలి చలికాలం నుంచీ స్కీలు కొంటున్నాను, అమ్ముతున్నాను. ఆల్టా, స్నోబర్డ్ కొండలు మా ఊరికి దగ్గరే. అక్కడ పడే మంచులో తడి తక్కువ. గుప్పిట పడితే ముద్ద కాదు, పిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అందులో కూరుకుపోకుండా తేలడానికే పౌడర్ స్కీల నడుము వెడల్పుగా ఉంటుంది, 110 మిల్లీమీటర్లు, ఆపైన కూడా. కిందటేడు నా ఆఖరి జత అమ్మేశాను. అమ్మబోయే పిల్లలకు పనికొస్తాయని నాకు తెలిసినవి చెబుతున్నాను.

1. స్కీ వేరు, బైండింగు వేరు

స్కీ పాతబడితే మహా అయితే జారుడులో హాయి తగ్గుతుంది. బైండింగు అలా కాదు. బూటును గట్టిగా పట్టుకోవాలి, పడ్డప్పుడు వదిలెయ్యాలి. నా మొదటి సెకండ్‌హ్యాండ్ జత బైండింగుతోనే వచ్చింది. అమ్మినాయన తన ఒంటికి పెట్టుకున్న బిగింపు అలాగే ఉంది. "బాగానే ఉన్నాయి, వేసుకోండి" అన్నాడు, నమ్మాను. మూడో రోజు పడ్డాను, మడమ ఊడలేదు. మోకాలి కింద ఎముక విరిగింది. అప్పటినుంచీ బైండింగు మాట వస్తే నాకు ముందు గుర్తొచ్చేది దాని ధర కాదు, కొనేవాళ్ల కాలు.

2. ముందు బూటు చూడండి, తర్వాతే బేరం

స్కీ బూటు మడమ పక్కన అడుగు పొడవు మిల్లీమీటర్లలో అచ్చువేసి ఉంటుంది. నాది 315. కిందటి అక్టోబరులో ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు, యూనివర్సిటీలో చదువుతున్నాడు. "అంకుల్, బైండింగుతో సహా ఇచ్చేయండి, రేటు కొంచెం చూసుకోండి" అన్నాడు. బూట్లు తెమ్మన్నాను. కారులోంచి తెచ్చాడు. తిప్పి చూస్తే 287. నా బైండింగు మడమ ముక్క అంత దూరం ముందుకు జరగదు. విప్పి మళ్లీ రంధ్రాలు వెయ్యక తప్పదు. పొడవు కుదిరినా బూటు రకం చూడాలి. మామూలు అడుగు, వంపు తిరిగిన గ్రిప్‌వాక్ అడుగు, కొండెక్కే టూరింగ్ అడుగు, ఇవన్నీ అన్ని బైండింగుల్లో ఇమడవు.

3. రంధ్రాల లెక్క దాచొద్దు

కొత్త రంధ్రానికీ పాతదానికీ మధ్య సెంటీమీటరు ఎడమైనా ఉండాలని షాపులవాళ్లు చూస్తారు. ఒక్కసారే బిగించిన స్కీకి ఇంకా చోటుంటుంది. రెండుసార్లు బిగించిందంటే కొనేవాళ్లు ఆలోచిస్తారు, మూడోసారికి ధర బాగా పడిపోతుంది. అందుకే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపండి. ఎన్నిసార్లు బిగించారో, ఏ బూటు పొడవుకో కూడా రాయండి.

4. విప్పేటప్పుడు తొందర వద్దు

ఈ స్క్రూలకు మూడో నంబరు పోజీడ్రైవ్ కావాలి. మామూలు స్టార్ స్క్రూడ్రైవరు పెడితే తల అరిగిపోతుంది. బంక పట్టేసి కదలకపోతే సోల్డరింగ్ ఐరన్‌తో స్క్రూ తలను కాస్త వేడిచెయ్యండి, బంక మెత్తబడుతుంది. బయటికొచ్చిన స్క్రూను వెలుగులో పెట్టి చూడండి. మెలికల్లో పొడిగా తెల్లటి చెక్కపొట్టు ఉంటే స్కీ ఆరోగ్యంగా ఉన్నట్టు. తుప్పు, నల్లబడ్డ తడి చెక్క కనిపిస్తే నీళ్లు లోపలికి దిగినట్టు. ఒకసారి నాకు అలాగే వచ్చింది, ఆ జత అమ్మలేదు. బాగున్నవాటికి రంధ్రాల్లో బంక పోసి ప్లాస్టిక్ బిరడాలు కొట్టండి.

5. కలిపి ఇవ్వదగ్గ సందర్భాలూ ఉన్నాయి

ఏయే మోడళ్లకు ఇంకా పూచీ ఉందో తయారీదార్లు షాపులకు జాబితా ఇస్తారు. అందులోంచి తీసేసిన బైండింగును షాపువాళ్లు ముట్టుకోరు. అలాంటిది ఉచితంగా కూడా ఇవ్వకండి. జాబితాలో ఉండి, బూటు ఇమిడితే కలిపి ఇవ్వండి, కొనేవాళ్లకు బిగింపు ఖర్చు మిగులుతుంది. పట్టాల మీద జరిగే డెమో బైండింగైతే మరీ మంచిది, కొత్త రంధ్రాల పనే ఉండదు. మీరు అట్టిపెట్టుకుందామనుకుంటే బ్రేకు వెడల్పు చూసుకోండి. 110 నడుముకు సరిపోయే బ్రేకు సన్న స్కీకి బిగిస్తే రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది, మంచుకు తగులుకుంటుంది. ఎలా ఇచ్చినా మీ బిగింపును బాగా వదులు చేసి మరీ ఇవ్వండి. అప్పుడు వాళ్లు షాపుకు వెళ్లక తప్పదు.

6. కొండ తెరవకముందే అమ్మండి

సెప్టెంబరు, అక్టోబరుల్లో అందరి చూపూ కొండ మీదే. ఏప్రిల్ వచ్చేసరికి అదే జతను సగానికి అడుగుతారు. డబ్బు అవసరం లేకపోతే వేసవి దాటనివ్వండి.

ఆ కుర్రాడికి బైండింగు విప్పేసి స్కీలు మాత్రమే ఇచ్చాను, ఆ మేరకు ధర తగ్గించాను. ముఖం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. డిసెంబరులో, మొదటి పెద్ద మంచు పడ్డ రోజు, షాపు ఇచ్చిన కాగితం ఫొటో పంపాడు. బరువు, ఎత్తు, వయసు, ఎంతబాగా జారగలడన్నది, అడుగు పొడవు 287, వాటినిబట్టి పెట్టిన డిన్ అంకె, అంటే బైండింగు బూటును ఎంత ఒత్తిడికి వదలాలన్న బిగింపు. అన్నీ అతని అంకెలే. నాది ఒక్కటి కూడా లేదు. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను.