బైరెడ్డిపల్లె చలికి గీజరు కొనేవాళ్లకు

ఇండ్లకు వైరింగు చేస్తూ తల నెరిసినవాణ్ణి. పలమనేరుకో మదనపల్లెకో గీజరు కొనను పోయేముందు మా వీధి పిల్లోళ్లు వచ్చి అడుగుతారు, "మామా, ఎన్ని స్టార్లది తీసుకోవాల?" అని. వాళ్లకు చెప్పేదే ఇక్కడా చెప్తున్నా.

1. కాగిన నీళ్లు ట్యాంకులో ఊరికే నిలబడి ఉంటే ఎంత వేడి పోతుందో, స్టార్లు చెప్పేది అదొక్కటే. బయటి గాలి కంటే నీళ్లను 45 డిగ్రీలు ఎక్కువ వేడిగా 24 గంటలు ఉంచితే ఎన్ని యూనిట్లు పోయాయో పరీక్ష చేసి లేబుల్ మీద వేస్తారు. సంక్రాంతి తెల్లవారుజామున మన స్నానాల గది 15 డిగ్రీలుందనుకోండి, గీజరు 60కి పెట్టారు. తేడా సరిగ్గా 45! ఆ అంకె కోస్తావాళ్ల కంటే మనకే బాగా అతుకుతుంది. కాగబెట్టే ఖర్చు మాత్రం ఎన్ని స్టార్లకైనా ఒకటే. 15 లీటర్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే 0.7 యూనిట్ పడుతుంది. అది నీళ్ల గుణం, కంపెనీ చేతిలో లేదు.

2. కాబట్టి ముందు మీ ఇంటి అలవాటు చూసుకోండి. ఇద్దరే ఉండి, అరగంట ముందు స్విచ్ వేసి, స్నానాలు కాగానే ఆపేసే ఇంట్లో స్టార్ల తేడా బిల్లులో కనబడదు. పాలు పోసొచ్చి ఒకరు, బడికి పోతూ ఒకరు, టమోటా తోట నుంచి వచ్చి ఇంకొకరు నీళ్లు పోసుకునే ఇంట్లో స్విచ్ ఆగేదే లేదు. రెండు లేబుళ్ల మధ్య 0.3 తేడా ఉంటే అక్కడ నెలకు 9 యూనిట్లు. 2022 నాటి రేట్లలో నెలకు 225 దాటాక 400 దాకా ఒక్కో యూనిట్ 8.75 రూపాయలు. అయిదు స్టార్లకు డబ్బు పెట్టాల్సింది ఇట్లాంటి ఇల్లే.

3. స్టార్ల పద్ధతిని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) 2006లో మొదలుపెట్టింది. కొలతను మధ్యమధ్యలో బిగిస్తుంటారు, అందుకే పాత అయిదు స్టార్లూ కొత్త అయిదు స్టార్లూ ఒకటి కావు. అంగట్లో మిగిలిన సరుకైతే లేబుల్ కాలం చూడండి, యూనిట్ల అంకె చూడండి. 1, 3 లీటర్ల ఇన్‌స్టంట్ రకాలకు ఈ లేబుల్ వెతకొద్దు, అది 6 లీటర్ల నుంచి పైవాటికే.

4. మన బోరు నీళ్ల సంగతి ఏ లేబులూ చెప్పదు. లోతుకు పోయేకొద్దీ ఉప్పు, సున్నం. కాయిల్ మీద తెల్లగా పెచ్చు కడుతుంది. వేడి నీళ్లలోకి దిగక కాయిలే కాగి మాడిపోతుంది. నీళ్లు ఎంత వేడెక్కితే పెచ్చు అంత ఎక్కువ, అందుకే నేను 50 దగ్గర పెట్టమంటా. లోపల మెగ్నీషియం రాడ్ ఒకటి ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా అదే కరిగిపోతుంది. చలికాలం రాకముందే విప్పించి కాయిల్ గీకించండి, రాడ్ అరిగితే మార్పించండి. కొత్త గీజరు ధరతో పోలిస్తే ఆ కూలి ఏపాటి!

5. తెల్లవారి వోల్టేజీ 180కి పడితే 3 కిలోవాట్ల గీజరు రెండు కిలోవాట్లు కూడా లాగదు. ఆలస్యంగా కాగుతాయి, యూనిట్లు పెద్దగా పెరగవు. గీజరును తిట్టొద్దు.

6. గీజరు మిద్దె మీద, కొళాయి కింద పెట్టుకోవద్దు. పది మీటర్ల పైపులో లీటరుకు పైగా వేడినీళ్లు ప్రతిసారీ చల్లారిపోతాయి.

7. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్టు, విడిగా వైరు, ఎర్తు లేకుంటే నేను బిగించను. ఎర్తు గుంత ఎండిపోతే ఎర్తు లేనట్టే. ఎండాకాలం అందులో బిందెడు నీళ్లు పోస్తుండండి.