పంట వ్యర్థాల నుండి నేలలో కలిసిపోయే ప్లాస్టిక్: జన్యుమార్పిడి బ్యాక్టీరియా పాత్ర

పంట కోతల అనంతరం మిగిలే వరిగడ్డి, పత్తి కట్టె వంటి వ్యర్థాలు అనేక ప్రాంతాలలో తగులబెట్టబడుతున్నాయి. మరోవైపు మల్చింగుకు వాడిన పాలిథీన్ షీట్ల ముక్కలు ఏళ్ల తరబడి నేలలోనే ఉండిపోతున్నాయి. మొదటి సమస్యలోని ముడిసరుకుతో రెండవ సమస్యకు పరిష్కారం చూపగల శక్తి కొన్ని బ్యాక్టీరియాలకు ఉంది.

బ్యాక్టీరియా నిల్వ పదార్థం

ఫ్రాన్స్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన మోరిస్ లెమోయిన్ 1926లో బాసిల్లస్ మెగటీరియం కణాలలో పాలిహైడ్రాక్సీబ్యుటిరేట్ (పి.హెచ్.బి.) అనే పాలిమర్‌ను గుర్తించారు. నత్రజని లేదా భాస్వరం కొరవడి, కర్బనం సమృద్ధిగా లభించినప్పుడు కొన్ని బ్యాక్టీరియాలు, జంతువులు కొవ్వును దాచుకున్నట్లు, దీనిని రేణువుల రూపంలో నిల్వ చేసుకుంటాయి. కుప్రియవిడస్ నెకేటర్‌లో ఇది కణాల పొడి బరువులో 80 శాతం వరకు చేరగలదు. నేలలోని సూక్ష్మజీవులు దీనిని ఎంజైములతో విడగొట్టి ఆహారంగా వాడుకుంటాయి.

జన్యుమార్పిడి ఆవశ్యకత

అసిటైల్ కోఎంజైమ్-ఎ నుండి పి.హెచ్.బి. తయారీకి మూడు ఎంజైములు అవసరం. వాటి జన్యువులను 1988లో ఇ. కోలై బ్యాక్టీరియాలో ప్రవేశపెట్టి పాలిమర్‌ను తయారు చేయించారు. పంట వ్యర్థాల విషయంలో ఇది కీలకం. సెల్యులోజ్ విడిపోతే గ్లూకోజ్, హెమిసెల్యులోజ్ విడిపోతే ప్రధానంగా జైలోజ్ లభిస్తాయి. సహజ కుప్రియవిడస్ నెకేటర్ జైలోజ్‌ను వినియోగించుకోలేదు, ఇ. కోలై వినియోగించుకోగలదు. అయితే గ్లూకోజ్ ఉన్నంతసేపు అది జైలోజ్‌ను పెద్దగా ముట్టదు. గ్లూకోజ్ రవాణాకు సంబంధించిన ఒక జన్యువును తొలగించినచో రెండు చక్కెరలనూ ఏకకాలంలో వాడుకొనే రకాలు లభిస్తాయి.

పరిమితులు

ఒక గ్లూకోజ్ అణువు నుండి ఒక పాలిమర్ యూనిట్ మాత్రమే ఏర్పడి, మిగిలిన కర్బనంలో కొంత బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. కావున 100 కిలోల గ్లూకోజ్ నుండి సైద్ధాంతికంగా కూడా సుమారు 48 కిలోలకు మించి పి.హెచ్.బి. రాదు. ఆమ్లంతో వేడిచేసి వ్యర్థాలను విడగొట్టేటప్పుడు ఏర్పడే ఫర్‌ఫ్యురాల్, ఎసిటిక్ ఆమ్లం బ్యాక్టీరియా పెరుగుదలను అడ్డుకుంటాయి. కణాల నుండి పాలిమర్‌ను వేరుచేయడం కూడా ఖర్చుతో కూడినదే. పి.హెచ్.బి. పెళుసుగా ఉంటుంది కావున, వంగే గుణం కోసం వాలరేట్ యూనిట్లను చేర్చవలసి ఉంటుంది.

ఏ వ్యర్థాన్ని ఎంచుకోవాలి?

వరి మొక్క గ్రహించిన పొటాష్‌లో అధిక భాగం గడ్డిలోనే ఉంటుంది. గడ్డినంతా ఫ్యాక్టరీకి తరలించినచో పశువుల మేత తగ్గుటయే గాక, కోల్పోయిన పొటాష్‌ను రైతు ఎరువుగా కొని వేయవలసి వస్తుంది. మొక్కజొన్న బెండ్లు ఇందుకు భిన్నం. నూర్పిడి చేసిన చోటనే అవి ఒకచోట పోగుపడతాయి. హెమిసెల్యులోజ్ కూడా అధికం. కావున తొలి ప్రయత్నాలకు బెండ్లు, తదుపరి పత్తి కట్టె అనువైనవి. వరిగడ్డిని మేతకు, నేలకు పోను మిగిలినంత మేరకే సేకరించాలి.

జన్యుమార్పిడి సూక్ష్మజీవులను 1989 నిబంధనలకు లోబడి మూసిన ఫెర్మెంటర్లలోనే పెంచి, వ్యర్థ ద్రవాన్ని శుద్ధి చేసిన పిదపనే బయటకు వదలాలి. నేలను కాపాడుటకు చేపట్టే ఈ ప్రయత్నంలో నేల సారానికి నష్టం కలుగకుండా చూడటం ప్రధానం.