పాఠం: కవాయి దీవి – మనం, మేము

వసంతకాలం సెలవులు రాగానే నేపర్‌విల్‌లో చాలామంది ఎండ కాసే ఊళ్ళకి వెళ్ళొస్తారు. ఈ పాఠంలో మనం కూడా ఒక దీవికి వెళ్ళొద్దాం. దాని పేరు కవాయి. హవాయి దీవుల్లో అది ఒకటి. పాఠం పైకి చదవండి. తెలియని మాట వస్తే ఆగిపోవద్దు, చివర అర్థాలు ఉన్నాయి.

1. ప్రయాణం

చికాగో ఓహేర్ విమానాశ్రయం నుంచి హొనొలులుకి సుమారు 9 గంటలు. అక్కడ ఇంకో చిన్న విమానం ఎక్కితే కవాయిలోని లిహుఎ ఊళ్ళో దిగుతాం. మార్చి నెలాఖరులో కవాయి గడియారం మనకన్నా 5 గంటలు వెనక ఉంటుంది. మనం మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి అక్కడ ఇంకా పొద్దున్నే!

నేపర్‌విల్‌లో సుమారు లక్షా యాభై వేలమంది ఉంటారు. కవాయి దీవి మొత్తంలో అందులో సగంమందే. అందుకే అక్కడ చప్పుడు తక్కువ. పొద్దున్నే మిమ్మల్ని లేపేది కార్ల హోరు కాదు, కోడిపుంజులు. కొక్కొరొకో! రోడ్ల పక్కన, బీచి మీద, దుకాణాల ముందు కోళ్ళు వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి.

2. పచ్చని దీవి

దీవి మధ్యలో వయలెయలె అనే కొండ ఉంది. భూమి మీద ఎక్కువ వానలు పడే చోట్లలో అది ఒకటి. అక్కడ ఏడాదికి సుమారు 11 మీటర్ల వాన పడుతుంది. ఆ నీళ్ళన్నీ నిలబెడితే మూడంతస్తుల ఇల్లు మునిగిపోతుంది! ఆ నీళ్ళే వాగులై, జలపాతాలై కిందికి దిగుతాయి. అందుకే కవాయిని "తోట దీవి" అంటారు.

ఒక పక్క సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన పచ్చని కొండలు ఉంటాయి. వాటి పేరు నా పలి. "పలి" అంటే నిటారు కొండ. ముందున్న "నా" అంటే "నాది" అని కాదు, "ఒకటి కాదు, చాలా ఉన్నాయి" అని! ఆ కొండల వల్ల దీవి చుట్టూ పూర్తిగా రోడ్డు వెయ్యలేదు. అక్కడికి నడిచి వెళ్ళాలి, లేదా పడవలోంచో ఆకాశంలోంచో చూడాలి.

3. చామ మడులు

ఉత్తరాన హనలెయి అనే లోయ ఉంది. అక్కడి పొలాలు చూస్తే మన గోదావరి వైపు వరి మడులు గుర్తొస్తాయి. గట్లు, గట్ల మధ్య నీళ్ళు, నీళ్ళలో పచ్చని మొక్కలు. కానీ అవి వరి మొక్కలు కావు, చామ మొక్కలు. అవును, అమ్మ వేపుడు చేసే చామదుంపలే! హవాయి భాషలో చామని "కలొ" అంటారు. దుంపలు ఉడికించి, దంచి, నీళ్ళు కలిపి ముద్దలా చేస్తే "పొయి" తయారవుతుంది. మనకి అన్నం ఎలాగో వాళ్ళకి పొయి అలాగ.

హవాయి వాళ్ళకి ఒక పాత కథ ఉంది. ఆ కథలో చామ మొక్క ముందు పుట్టింది, మనిషి తర్వాత పుట్టాడు. అంటే చామ మొక్క మనిషికి అన్న! అన్న తమ్ముడికి తిండి పెడతాడు, తమ్ముడు అన్నని జాగ్రత్తగా చూసుకోవాలి. అందుకే పొయి గిన్నె మూత తీశాక ఎవరూ పోట్లాడుకోకూడదని పెద్దవాళ్ళు చెప్పేవారు. "అన్నం ముందు అలగకూడదు" అని మీ అమ్మమ్మ గాని నానమ్మ గాని అంటారా?

4. చివర అచ్చు

హవాయి భాషలో 13 అక్షరాలే ఉన్నాయి. అచ్చులు 5, హల్లులు 8. మనం దీర్ఘం పెట్టినట్టే వాళ్ళు అచ్చు మీద చిన్న గీత పెడతారు. ఇప్పుడు ఈ మాటలు పైకి అనండి: అలొహా, కలొ, పొయి, పలి. చివర ఏం వినిపించింది? అచ్చు! హవాయి మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి.

మరి తెలుగు? అమ్మ, చెట్టు, నీళ్ళు, బడి. ఇవి కూడా అంతే. ఇలాంటి భాషని అజంత భాష అంటారు. "పుస్తకం సున్నాతో ముగిసింది కదా?" అని అడుగుతారేమో. పూర్వం దాన్ని "పుస్తకము" అని రాసేవారు. చివర "ఉ" ఉంది, చూశారా!

వేరే భాష మాట వచ్చినా రెండు భాషలూ ఒకే పని చేస్తాయి. మనం బస్‌ని "బస్సు" అన్నాం, రోడ్‌ని "రోడ్డు" అన్నాం. వాళ్ళు బుక్‌ని "పుకె" అన్నారు, క్రిస్మస్‌ని "కలికిమకా" అన్నారు.

5. గొంతుల గూడు

ఇంత తీయని భాష ఒకప్పుడు దాదాపు పోయేదే. 1893లో హవాయి రాణిని గద్దె దించారు. 1896లో బడుల్లో పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలని చట్టం చేశారు. బళ్ళో హవాయి భాష మాట్లాడిన పిల్లల్ని శిక్షించేవారు. మరి ఇంట్లో? పిల్లలు బాగుపడాలని చాలామంది అమ్మానాన్నలు కూడా ఇంగ్లీషులోనే మాట్లాడారు. తాతలు మాట్లాడారు, పిల్లలు అర్థం చేసుకున్నారు, మనవలకి అర్థం కూడా కాలేదు. ఒక భాష పోవడానికి ఆ మూడు మెట్లు చాలు.

కవాయికి పడమట నీహావు అనే చిన్న దీవి ఉంది. అక్కడివాళ్ళు మాత్రం ఇంట్లో హవాయి భాషే మాట్లాడుతూ వచ్చారు. ఏ ఇంట్లో మాట ఆగలేదో ఆ ఇంట్లో భాష మిగిలింది.

1978లో హవాయి భాష మళ్ళీ అధికార భాష అయింది. కానీ కాగితం మీద రాస్తే సరిపోతుందా? మాట్లాడే పిల్లలు కావాలి కదా! అందుకని 1984లో కవాయిలోని కెకహ ఊళ్ళో చిన్నపిల్లల కోసం ఒక బడి పెట్టారు. అక్కడ ఆటా, పాటా, అన్నమూ అన్నీ హవాయి భాషలోనే. దాని పేరు పూనన లెఓ, అంటే "గొంతుల గూడు". పక్షిపిల్లకి తల్లి నోటితో అందించినట్టు, పిల్లలకి భాషని నోటితోనే అందించాలని ఆ పేరు. అమ్మానాన్నలు కూడా పిల్లలతోపాటు నేర్చుకున్నారు. 1987 నుంచి ప్రభుత్వ బడుల్లో కూడా హవాయి భాషలో చదువు మొదలైంది.

6. మనం, మేము

ఇంగ్లీషులో ఒకటే మాట ఉన్నచోట తెలుగులో రెండున్నాయి. వింటున్నవాళ్ళని కలుపుకుంటే "మనం". కలుపుకోకపోతే "మేము". మీ ఫ్రెండుతో "మేము కవాయి వెళ్తున్నాం" అనాలి. "మనం వెళ్తున్నాం" అన్నారనుకోండి, వాడు వెంటనే పెట్టె సర్దుకుంటాడు!

హవాయి భాషలో కూడా ఈ తేడా ఉంది. "కాకౌ" అంటే మనమందరం. "మాకౌ" అంటే మేము. "మా ఇల్లు"లో ఉన్న "మా"ని తలుచుకుంటే "మాకౌ" గుర్తుంటుంది.

ఫోనులో అమ్మమ్మ తెలుగులో అడిగితే మీరు ఇంగ్లీషులో జవాబు చెప్తే, మీకు అర్థమైంది, కానీ మాట అమ్మమ్మ దగ్గరే ఆగిపోయింది. అది రెండో మెట్టు. తప్పులతోనైనా తెలుగులో చెప్పండి. అప్పుడు తెలుగు "అమ్మమ్మ వాళ్ళ భాష" కాదు, "మన భాష" అవుతుంది.

కొత్త మాటలు

మడి: గట్టు కట్టి నీళ్ళు పెట్టిన చిన్న పొలం
గట్టు: మడి చుట్టూ ఎత్తుగా ఉండే మట్టి అంచు
లోయ: కొండల మధ్య పల్లపు చోటు
గద్దె దించడం: రాజు లేదా రాణి పదవి తీసెయ్యడం
అజంత భాష: మాటలు అచ్చుతో ముగిసే భాష

జవాబులు చెప్పండి

1. కవాయిని తోట దీవి అని ఎందుకంటారు?
2. హవాయి కథలో మనిషికి అన్న ఎవరు?
3. హవాయి భాష పోయే స్థితి ఎందుకు వచ్చింది? చట్టం వల్లేనా? ఇంట్లో ఏం జరిగింది?
4. "మనం" పెట్టాలా, "మేము" పెట్టాలా?
అ) అమ్మమ్మా, ____ రేపు మీ ఊరు వస్తున్నాం.
ఆ) తమ్ముడూ, రా, ____ ఇద్దరం ఆడుకుందాం.

ఇంటి పని

ఈ వారం రోజూ అరగంట మీ ఇంట్లో గూడు కట్టండి. అన్నం తినే వేళ అయితే మంచిది. ఆ అరగంట అందరూ తెలుగే మాట్లాడాలి, అమ్మానాన్నలు కూడా! మాట తెలియకపోతే "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని తెలుగులోనే అడగండి. అలా దొరికిన అయిదు కొత్త మాటలు రాసుకురండి. ఒక్కొక్క మాట చివర ఏ అచ్చు ఉందో చుట్టి చూపించండి.