జేబులోంచి తీయకుండానే పాట మార్చాలంటే

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ మ్యూజిక్ ప్లేయర్‌కు వైరు రిమోట్ సొంతంగా చేసుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. చిప్పూ ప్రోగ్రామూ అక్కర్లేదు. ప్లేయర్ మైకున్న హెడ్‌సెట్‌ను గుర్తించేదైతే చాలు. ఒక పాత హెడ్‌సెట్ తీసుకోండి, దాని జాక్‌కు మూడు నల్ల గీతలుండాలి. సాధారణంగా జాక్‌లో వైరు వైపున్న లోహపు భాగం మైకు, దాని పక్కది గ్రౌండ్, మల్టీమీటర్‌తో సరిచూసుకోండి.

ఆ రెంటి మధ్యే బటన్లన్నీ. నేరుగా కలిపితే ప్లే, పాజ్. 240 ఓమ్‌ల రెసిస్టర్‌తో కలిపితే వాల్యూమ్ పెరుగుతుంది, 470తో తగ్గుతుంది. ప్లే బటన్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలా యాప్‌లలో తర్వాతి పాట వస్తుంది. మైకును మాత్రం పీకేయకండి, అది లేకపోతే ప్లేయర్ మామూలు ఇయర్‌ఫోన్ అనుకోవచ్చు.

అసలు తిప్పలన్నీ టంకం దగ్గరే. లోపలి సన్న తీగలకు రంగు ఎనామిల్ పూత ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ మొనతో దాన్ని కాల్చేదాకా టంకం జారిపోతూనే ఉంటుంది.