శీతకాలమున గ్యారేజిలోని కారు

కెనడాదేశమున ఒంటారియో రాష్ట్రమునకు క్రొత్తగా వచ్చి, మొదటి ఏటనే కారు కొని, సంక్రాంతికి స్వదేశము పోవుచు దానిని రెండు నెలలపాటు గ్యారేజిలో మూసియుంచదలచిన మనవారు, ఇంటికప్పు క్రింద నున్న ఇనుమునకు త్రుప్పు భయము లేదని తలంచుట సహజమే. కాని కడుగక లోపల పెట్టిన బండికి ఆ భయము అచ్చటనే హెచ్చు.

కారణమేమన, ఇచ్చటి రోడ్లపై మంచు కరగుటకై చలికాలమెల్ల ఉప్పు చల్లుదురు. హ్యూరాన్ సరస్సు తీరమున గోడెరిచ్ పట్టణము కడ, 500 మీటర్లకు మించిన లోతున, సరస్సు అడుగునకు సాగిన గనినుండి త్రవ్వితీసిన ఉప్పు సయితము ఇట్లు వీధులకెక్కునదే. అది మంచుతో కలిసి బురదయై, చక్రములు చిమ్మగా కారు అడుగుభాగమున కంటుకొనును. ఇనుమునకు నీరును ప్రాణవాయువును సోకినచో త్రుప్పు పుట్టుననుట అందరెరిగినదే. ఉప్పునీటి గుండ విద్యుత్తు సులభముగా ప్రవహించుటచే ఆ చర్య మరింత వేగవంతమగును. బయటి చలిలో ఆ బురద గడ్డకట్టి, త్రుప్పుపనియు మందగించును. వెచ్చని గ్యారేజిలో అదియే కరగి, సందుసందునకు ప్రాకి, రేయింబవళ్ళు ఇనుమును తినుచుండును. విశాఖలో సముద్రపుగాలికి కిటికీ ఊచలు పొరలుపొరలుగా రాలుట చూచినవారికి ఈ మాట వింత గాదు. హైదరాబాదువారికి చెప్పియే తీరవలయును.

కావున ప్రయాణమునకు ముందు, మంచు కురియని దినమొకటి చూచి, బండి అడుగునకును నీరు చిమ్ము ఏర్పాటు గల కారు వాషునకు పొండు. పైమెరుగును గూర్చి అంత ఆరాటము వలదు. తలుపు తెరచి దాని దిగువ అంచున వ్రేలు పోనిచ్చినచో చిన్న రంధ్రములు తగులును. లోపలికి దిగిన నీరు జారిపోవుటకై పెట్టిన ఆ రంధ్రములు మట్టితో పూడినచో, నీరు తలుపులోనే నిలిచి, కొన్నాళ్ళకు రంగు బుడగలుగా ఉబ్బును. సన్నని పుల్లతో ఆ మట్టిని తీసివేయుడు. కడిగిన వెంటనే మూయక, తడిలేని రోడ్డుపై కొంతదూరము నడిపి, బ్రేకులను ఆరనీయుడు. శరత్కాలముననే అడుగునకు నూనె పిచికారీ చేయించినవారు మరింత ధన్యులు. అయితే అది ఏటేట చేయింపవలసిన పని.

ప్లాస్టిక్ దుప్పటి కప్పకుడు. అది తేమను లోపలనే బంధించును. గాలియాడు గుడ్డ మేలు. హ్యాండుబ్రేకు బిగించిపోయినచో త్రుప్పుచే బ్రేకులు పట్టుకొనిపోవచ్చును; చక్రములకు చెక్కదిమ్మలు పెట్టినచో చాలును.

ఇక, "వారమునకొకసారి వచ్చి ఐదు నిమిషములు ఇంజను ఆడించి పోదునన్నయ్యా" యను స్నేహితుడు తప్పక దొరకును. వలదనుడు. పెట్రోలు మండినప్పుడు పుట్టు నీటియావిరి, వేడెక్కని సైలెన్సరులో నీరై నిలిచి దానిని లోపలినుండి త్రుప్పుపట్టించును; మూసిన గ్యారేజిలో ఆ పొగ ప్రాణాంతకము కూడ. అతనికి తాళముల కంటె, బ్యాటరీకి తగిలించిన ఛార్జరు దీపము వెలుగుచున్నదో లేదో చూచు పని యప్పగింపుడు.